పెంటను కూడా లెక్కలో రాయండి

(మే నెలాఖరులో గుంటూరులో మిరప, వరి రైతుల ముందు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం ఇది. మధ్యలో వచ్చిన మాటల్ని, ప్రశ్నల్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. రోహిణి కార్తె ఎండలో పనులు మానుకుని వచ్చారు. ఫ్యాను కింద చోటు దొరకనివాళ్లు నన్ను తిట్టుకోకండి. నిర్వాహకులు నాకిచ్చిన విషయం "పశువుల ఎరువా, రసాయన ఎరువా" అని. వినగానే కోర్టు వాయిదాకి పిలిచినట్టనిపించింది. తీర్పులు చెప్పడం నాకు చేతకాదండీ. ముప్ఫై ఏళ్లు భూసార పరీక్షల పనిలో మట్టి ఎండబెట్టి జల్లెడ పట్టినదాన్ని. నాకు తెలిసిందల్లా లెక్క. అదే చెబుతాను.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. నిరుడు పొలానికి పశువుల ఎరువు తోలినవాళ్లు చేతులెత్తండి. బాగుంది, సగానికి పైనే ఉన్నారు. దించకండి, అలాగే ఉంచండి. ఎరువు తోలాను కదా అని యూరియా ఒక్క బస్తా అయినా తగ్గించినవాళ్లు మాత్రం చెయ్యి ఉంచి, మిగతావాళ్లు దించేయండి. (నవ్వులు) వెనక వరసలో ఒక్కరే మిగిలారు. బాబాయ్ గారూ, మీరు తగ్గించారా, దొరక్క తగ్గిందా?

("దొరకలేదమ్మా." నవ్వులు)

అదీ సంగతి. మనం పెంట తోలతాం, దానికి వేలు ఖర్చుపెడతాం, మళ్లీ దుకాణానికి వెళ్లి పెంట తోలని పొలానికి ఎన్ని బస్తాలు కొంటామో అన్నే కొంటాం. పెంట వేసింది పుణ్యానికి, యూరియా వేసింది పంటకి అన్నట్టు ఉంటుంది మన వరస. ఆ పెంటలో కూడా నత్రజని ఉంది, దానికి కిలోల లెక్క ఉంది. ఈ పూట నేను చెప్పబోయేది ఆ కిలోల గురించే.

మన నెత్తిమీద గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. పొలం గట్టున నిలబడి పీల్చేదంతా అదే. కానీ మొక్కకి అది పనికిరాదు. గాలిలో రెండు నత్రజని పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు విడిపించే శక్తి మిరప మొక్కకీ లేదు, వరికీ లేదు. వేరుకి కావలసింది అమ్మోనియం రూపంలోనో, నైట్రేటు రూపంలోనో నీళ్లలో కరిగిన నత్రజని. పెంట వేసినా, యూరియా వేసినా, చేప పిండి వేసినా, దాదాపుగా చివరికి ఆ రెండు రూపాల్లోకి వచ్చాకే వేరులోకి పోతుంది. గుమ్మం దగ్గర నిలబడి "నువ్వు గేదె పేడలోంచి వచ్చావా, ఫ్యాక్టరీలోంచి వచ్చావా" అని వేరు అడగదు. మరి తేడా ఎక్కడుంది? ఎప్పుడు అందుతుందన్న దగ్గర ఉంది.

మీ ఇంట్లో గాదె నిండా వడ్లున్నాయనుకోండి. చుట్టాలు వచ్చి పీటల మీద కూర్చున్నారు. గాదె చూపించి తినమంటే తింటారా? దంచాలి, చెరగాలి, వండాలి. పశువుల ఎరువులో నత్రజని గాదెలో వడ్లలాంటిది. మాంసకృత్తుల రూపంలో, పీచులో చిక్కుకుని ఉంటుంది. దాన్ని దంచి అమ్మోనియంగా చేసేది మట్టిలో ఉండే సూక్ష్మజీవులు. వాటికి తేమ కావాలి, వెచ్చదనం కావాలి, గాలి ఆడాలి. వాటి తీరిక చొప్పున అవి దంచుతాయి తప్ప మీ మిరప పూతకొచ్చిందని తొందరపడవు. యూరియా అయితే వండి వార్చిన అన్నం. ఆకు పరిచి వడ్డించడమే. కానీ వండిన అన్నం రాత్రికి పాసిపోతుంది కదా. గాదెలో వడ్లు పాసిపోవు.

ఈ వండిన అన్నం ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెప్పి ముందుకెళ్తాను. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ అనే రసాయన శాస్త్రవేత్త గాలిలో నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి, విపరీతమైన ఒత్తిడిలో, వేడిలో అమ్మోనియా చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో ఓపావ్‌లో మొదటి ఫ్యాక్టరీ నడిచింది. ఇద్దరికీ వేరువేరు సంవత్సరాల్లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు మీరు చల్లే ప్రతి యూరియా గుళికకి మూలం ఆ పద్ధతే. మన దేశంలో హైడ్రోజన్ ఎక్కువగా సహజవాయువులోంచి వస్తుంది. ఆ గ్యాసులో చాలా భాగం ఓడల్లో దిగుమతి అవుతుంది కాబట్టి ఎక్కడో యుద్ధమొస్తే ఇక్కడ క్యూ పెరుగుతుంది.

ఇప్పుడు బస్తా లెక్క. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 2018 నుంచి బస్తా 45 కిలోలు. అంటే బస్తాలో 20 కిలోల 700 గ్రాముల నత్రజని ఉంటుంది. మనం 20 కిలోలు అనుకుందాం, నోటిలెక్కకి తేలిక. డీఏపీ 50 కిలోల బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు. ఇరవై ఇరవై పదమూడు అనే కాంప్లెక్స్ ఎరువు ఉందే, దాని 50 కిలోల బస్తాలో 10 కిలోల నత్రజని. డీఏపీని అందరూ భాస్వరం ఎరువుగానే చూస్తారు, ఆ 9 కిలోలు ఎవరూ లెక్కలో వేయరు. పెంట ఒక్కటే కాదు, ఇదీ అంతే.

పశువుల ఎరువు బాగా మాగింది అయితే నూటికి అరపాలు నత్రజని. టన్నుకి 5 కిలోలు. ఈ మాట విన్నాక కొందరి ముఖాలు చిన్నబోతాయి. "ఇంతేనా" అని. టన్ను పెంటలో ఉన్నది పావు బస్తా యూరియాలో ఉన్నంతే! నాకూ మొదటిసారి చదివినప్పుడు అలాగే అనిపించింది. మా తాత బండెడు పెంటని బంగారంలా చూసేవాడే, ఇందులో ఇంత తక్కువేంటి అని.

అసలు తక్కువ ఎందుకయిందో చూడండి. గేదె మేసిన మేతలోని నత్రజనిలో కొంత పాలకి పోతుంది, మిగతాది పేడలోకీ మూత్రంలోకీ వస్తుంది. అందులో దాదాపు సగం మూత్రంలోనే ఉంటుంది. మనం ఎత్తేది పేడ. మూత్రం కొట్టంలోంచి కాలవలోకి పోతుంది, లేదా నేలమీద ఆరిపోతుంది. పొద్దున్నే పశువుల కొట్టంలోకి వెళితే కళ్లు మండేంత ఘాటు వాసన వస్తుంది చూడండి, ఆ వాసన అమ్మోనియా. మీ యూరియా బస్తా గాలిలో కలిసిపోతున్న వాసన అది. మా అమ్మ వేసవిలో కొట్టంలో పొడిమట్టి పరిపించేది, తడిసిన మట్టిని వారానికోసారి దిబ్బ మీదకి ఎత్తించేది. గిట్టలు పాడవకుండా అనేది. నేను ఉద్యోగంలో చేరాక గానీ ఆ మట్టి ఏం పట్టి ఉంచిందో నాకు అర్థం కాలేదు.

ఇంక దిబ్బ సంగతి. ఊరి చివర రోడ్డు పక్కన ఆరుబయట కుప్ప. వైశాఖం ఎండంతా దాని మీదే. పై పొరలోంచి అమ్మోనియా పోతుంది. తొలకరి వానకి నల్లటి ఊట కారి కాలవలో కలుస్తుంది. ఆ ఊటలో కరిగి ఉన్నదే మొక్కకి వెంటనే అందే నత్రజని. మిగిలిన పీచుని ట్రక్కుకెత్తి పొలానికి తోలతాం. సగం గుంటలో, నీడన, పైన మట్టి కప్పి మాగేస్తే ఈ నష్టం బాగా తగ్గుతుంది. పిడకలు చేసి కాలిస్తే ఇక చెప్పేదే లేదు, నత్రజని అంతా పొగే. బూడిదలో పొటాష్ మిగులుతుంది, అంతవరకే.

మా చిన్నప్పుడు మా వైపు పాటిమన్ను తోలేవారు. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పాత ఊళ్లు పాడుబడిన దిబ్బలు తవ్వి, ఆ మట్టిని వేసవిలో బండ్లతో పొలాలకి వేసేవారు. వందల ఏళ్లు మనుషులూ పశువులూ ఉన్న చోటు కాబట్టి మూత్రం, చెత్త ఇంకి ఇంకి అందులో సూరేకారం పేరుకునేది. సూరేకారం అంటే నైట్రేటే. యూరియా రాకముందు మన రైతు వాడిన తయారు నత్రజని అదే అనుకోవచ్చు. చరిత్ర పరిశోధకులు మాత్రం ఆ తవ్వకాల్ని తలుచుకుని ఇప్పటికీ బాధపడతారు. ఎన్ని పాత కుండలు, నాణేలు మన వరిమళ్లలో కలిసిపోయాయో.

సరే, ఎకరం మిరప తీసుకుందాం. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు నీటి వసతి ఉన్న మిరపకి హెక్టారుకు 300 కిలోల నత్రజని, 60 భాస్వరం, 120 పొటాష్. ఎకరానికి 120, 24, 48. నత్రజని మొత్తం యూరియాతోనే ఇవ్వాలంటే ఆరు బస్తాలకి కొంచెం తక్కువ. మీలో చాలామంది దీనికి మించే వేస్తారని నాకు తెలుసు, ఆ సంగతి తర్వాత.

మీరు ఎకరానికి నాలుగు ట్రక్కుల ఎరువు తోలారు. ట్రక్కుకి రెండున్నర టన్నులు అనుకుంటే పది టన్నులు. టన్నుకి 5 చొప్పున 50 కిలోల నత్రజని. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఆ 50 మొత్తం ఈ ఏడాదే వస్తుందనుకుంటే పంట పసుపుబారి పస్తుంటుంది. గాదెలో ఉన్నదంతా ఒక్క ఏడాదిలో దంచలేరు. మొదటి పంటకి మూడో వంతు వస్తుందని వేసుకోండి, 16 కిలోలు. మిగతాది వచ్చే ఏళ్లకి కొంచెం కొంచెంగా. దుక్కిలో డీఏపీ ఒక బస్తా వేశారు, భాస్వరం 23 కిలోలు వచ్చింది, సిఫార్సుకి సరిపోయింది. దాంతో వచ్చిన నత్రజని 9. పదహారూ తొమ్మిదీ 25. నూట ఇరవైలోంచి తీసేస్తే 95. యూరియాగా చూస్తే నాలుగున్నర బస్తాల చిల్లర. సుమారు ఒకటీ పావు బస్తా తగ్గినట్టు.

డబ్బు లెక్క కూడా నిజాయితీగా చెప్పుకుందాం. యూరియా బస్తా దాదాపు 266 రూపాయలు. ఒకటీ పావు బస్తా తగ్గితే మిగిలేది మూడు వందల పైచిలుకు. ఈ మిగులు కోసం పెంట తోలమంటే నన్ను పిచ్చిదానికింద లెక్కేస్తారు. ప్రభుత్వం సబ్సిడీ భరిస్తుంది కాబట్టి యూరియా మనకి ఇంత చవక. చవక కాబట్టే చెయ్యి కొంచెం వదులుగా పడుతుంది. కానీ ఎక్కువైన నత్రజని ఖర్చు యూరియా బిల్లులో కనపడదు, మందుల బిల్లులో కనపడుతుంది. నత్రజని మించితే మొక్క మెత్తగా, ముదురు ఆకుపచ్చగా, రసం నిండి ఉంటుంది. రసం పీల్చే పురుగుకి అంతకంటే విందు ఏముంటుంది? 2021లో నల్ల తామరపురుగు మన మిరపని ఎలా తినేసిందో నేను చెప్పక్కర్లేదు. యూరియా వల్లే ఆ పురుగు వచ్చిందని నేను అనను, అది వేరే దేశం నుంచి వచ్చిన పురుగు. వచ్చినదానికి విస్తరి ముందే వేసి పెట్టకూడదని అంటున్నాను.

మా అన్నయ్య పొలంలో జరిగింది చెబుతాను. మాది తెనాలి అవతల మాగాణి. ఒక వేసవి గొర్రెల మంద కట్టించాడు. మంద కట్టడం అంటే తెలియని పిల్లలు ఇక్కడ ఉన్నట్టున్నారు. కాపరులు మందని రాత్రిపూట మన పొలంలో నిలుపుతారు. పెంటికలూ మూత్రమూ నేరుగా భూమిలోకే పోతాయి. ట్రక్కు లేదు, కూలి లేదు, కొట్టంలో పోయే మూత్రం నష్టం లేదు. గొర్రెల ఎరువు ఆవుపేడ కంటే చాలా చిక్కన, ఎండినదాంట్లో నూటికి మూడు పాళ్ల దాకా నత్రజని ఉంటుంది. మా అన్నయ్య వారం రాత్రులు కట్టించాడు, కాపరికి డబ్బూ ధాన్యమూ ఇచ్చాడు, ఊళ్లో గొప్పగా చెప్పుకున్నాడు. తర్వాత సాంబ మసూరి నాటి, పక్క పొలంవాడు ఎంత యూరియా చల్లాడో అంతా చల్లాడు. పైరు చూడాలండీ, నల్లగా కమ్మేసింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. పొట్టదశ దాటాక సుడిదోమ పట్టింది, కంకి బరువెక్కాక ఒక గాలివానకి చాప పరిచినట్టు పడిపోయింది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఆ రకానికి అన్నం రుచి ఉంది గానీ కాండానికి అంత బలం లేదు. నీళ్లలో కంకులు మొలకెత్తాయి. నేను అప్పటికి భూసార పరీక్షల ఉద్యోగంలోనే ఉన్నాను. ఊళ్లో అందరికీ చెప్పేదాన్ని, ఇంట్లో చెప్పలేకపోయాను. చెప్పినా వినేవాడు కాదనుకోండి, నేను చెల్లెల్ని కదా. (నవ్వులు)

పెంట పనితనం మీద అనుమానమున్న వాళ్లకి ఇంగ్లండులో ఒక పొలం సంగతి చెప్పాలి. రోథమ్‌స్టెడ్ అని ఉంది. అక్కడ బ్రాడ్‌బాక్ అనే పొలంలో 1843 నుంచి ఏటా గోధుమ వేసి చూస్తున్నారు. ఒక మడికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు, కొన్ని మడులకి రసాయన ఎరువులు, ఒక మడికి ఏమీ లేదు. ఇప్పటికీ నడుస్తోంది. పెంట మడిలోనూ, సరిగ్గా ఎరువులేసిన రసాయన మడుల్లోనూ దిగుబడులు చాలాకాలం దాదాపు సమానంగానే వచ్చాయి. సేంద్రియ కర్బనం మాత్రం పెంట మడిలో రెండింతలకి పైగా పెరిగింది. ఆ పక్కనే హూస్‌ఫీల్డ్ అని బార్లీ పొలం. అందులో ఒక మడికి 1852 నుంచి 1871 దాకా పెంట వేసి ఆపేశారు. ఆ తర్వాత ఒక్క గంప కూడా వేయలేదు. నూరేళ్లు దాటాక కూడా, ఎప్పుడూ పెంట చూడని మడి కంటే ఆ మడిలో సేంద్రియ పదార్థం ఎక్కువే, పంటా ఎక్కువే. అది చలిదేశం. మన వేడికి మట్టిలో కర్బనం అంతకాలం నిలవదు, సూక్ష్మజీవులు తొందరగా తినేస్తాయి. మనకి ఏటా కాకపోయినా రెండేళ్లకోసారైనా వేస్తూ ఉండాల్సి రావడానికి కారణం అదే. అయినా వేస్తూ పోతే గాదెలో పాత వడ్లు, కొత్త వడ్లు కలిసి ఏటా వచ్చేది పెరుగుతుంది. ఐదారేళ్లు ఆపకుండా వేసిన పొలంలో నేను చెప్పిన 16 కిలోల దగ్గరే ఆగిపోకూడదు, యూరియా ఇంకా తగ్గించాలి.

యూరియా నష్టాల్లోకి వస్తే, వరిలో మనం వేసిన నత్రజనిలో పైరుకి అందేది నూటికి 30, 40 పాళ్లే అని శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. మిగతాది మూడు దారుల్లో పోతుంది. యూరియా నీళ్లలో కరిగి మట్టిలో యూరియేజ్ అనే ఎంజైము తగిలిందంటే కొద్ది రోజుల్లో అమ్మోనియా రూపంలోకి మారుతుంది. మన నల్లరేగడి క్షార గుణం ఉన్న నేల, పైన ఎండ. తడి ఆరని నేల మీద చల్లి వదిలేస్తే అది గాలిలోకే. రెండో దారి, నైట్రేటుగా మారాక నీళ్లతో కిందికి దిగిపోవడం. ఇసుక నేలల్లో ఇది ఎక్కువ. తాగే బావుల్లోకి చేరేది ఇదే. మూడోది, నీళ్లు నిలిచిన మడిలో నైట్రేటు మళ్లీ వాయువై పోవడం. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే అది సుమారు 270 రెట్లు గట్టిది. మడిని ఒకసారి ఆరబెట్టి ఒకసారి ముంచితే ఈ మూడోది బాగా జరుగుతుంది.

2015 నుంచి యూరియా అంతా వేపపూతతో వస్తోంది కదా. వేపపూత రెండో, మూడో దారుల్ని కాస్త నెమ్మదిస్తుంది, అమ్మోనియం నైట్రేటుగా మారడాన్ని ఆలస్యం చేసి. మొదటి దారిని అది మూయదు. మొదటి దారి మూయాల్సింది మీ పారే, మీ నీళ్లే. మిరపలో మొక్కకి నాలుగైదు వేళ్ల దూరంలో గుంట తీసి వేసి మట్టి కప్పండి. వరిలో నీళ్లు తీసేసి బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులాగి నీళ్లు పెట్టండి. 50 కిలోల యూరియాకి 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లమని పాతికేళ్ల నాడే చెప్పేవాళ్లం. ఇప్పటికీ మంచి మాటే.

ఇక్కడో మాట అడగాలి మిమ్మల్ని. వరి కోశాక మోళ్లు, గడ్డి దున్నేసి వెంటనే మళ్లీ వరి నాటితే పైరు పసుపుబారి ఎదగకుండా నిలబడిపోతుంది, చూశారా? "గడ్డి విషం కక్కింది" అంటారు కొందరు. విషం ఏమీ లేదు. గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దంచడానికి వచ్చిన కూలీలకి ఆకలేసింది, గాదెలో వాళ్లకి సరిపడా లేదు, మీ పైరు కోసం ఉంచిన అన్నం తినేశారు. ఆ సూక్ష్మజీవులు చచ్చాక మళ్లీ నేలకే వస్తుంది, కానీ మూడు నాలుగు వారాలు పైరు పస్తు. పచ్చి పెంట, సగం మాగిన పెంట వేసినా ఇదే కథ. దానికి తోడు వేరుపురుగు, కలుపు గింజలు. మాగిన పెంట చేతిలో పట్టుకుంటే పొడిపొడిగా ఉండాలి, తొలకరి మట్టి వాసన రావాలి. కంపు కొడుతోందంటే దాన్ని ఇంకో నెల ఉంచండి.

జనుము, జీలుగ లాంటి పచ్చిరొట్ట పైర్లు అలా చేయవు. పూతకొచ్చే ముందు దున్నేస్తే లేతగా ఉంటాయి, నత్రజని నిండా ఉంటుంది, రెండు వారాల్లో కుళ్లి పైరుకి అందుతుంది. ఎకరానికి ఇరవై, పాతిక కిలోల నత్రజని వస్తుంది, అంటే ఒక బస్తా యూరియా. అదీ గాలిలోంచి. జనుములాగే పప్పుజాతిదైన మాగాణి మినుముని పీకి వేర్లు చూడండి, బుడిపెలు ఉంటాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనపడితే అక్కడ పని నడుస్తోందన్నమాట. హేబర్ విపరీతమైన ఒత్తిడీ మంటా పెట్టి చేసిందే, ఆ బుడిపెలో బ్యాక్టీరియా మామూలు వేడిలో చేస్తోంది. నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది ఆ గులాబీ రంగు చూస్తే.

కోళ్ల ఎరువు వేరే జాతి. ఇది జాగ్రత్తగా వినండి, ఈ మధ్య మిరపకి బాగా వాడుతున్నారు. ఇందులో నూటికి రెండున్నర, మూడు పాళ్లు నత్రజని. రెండు టన్నులు వేస్తే 50, 60 కిలోలు, అంటే పది టన్నుల పశువుల ఎరువుతో సమానం. పైగా కోడికి వేరే మూత్రం లేదు, అన్నీ ఒకటే, అందుకే నత్రజని తొందరగా విడుదలవుతుంది. సగం, అంతకు మించి కూడా మొదటి పంటకే వచ్చేస్తుంది. కాబట్టి ఇది వేసి యూరియా తగ్గించకపోతే మా అన్నయ్య వరి గతే. ఇంకో సంగతి, ఇందులో భాస్వరం కూడా దండిగా ఉంటుంది. రెండు టన్నుల్లో 50 కిలోల దాకా. మీ మిరపకి కావలసింది 24. అలాంటప్పుడు డీఏపీ దేనికి? ఒక్క బస్తా కూడా అక్కర్లేదు. అక్కడ మిగులుతుంది చూడండి అసలు డబ్బు. పచ్చిది మాత్రం నారు దగ్గర వేయకండి. ఆ వేడికి, అమ్మోనియాకి వేర్లు మాడిపోతాయి. నాటడానికి మూడు నాలుగు వారాల ముందే వేసి దున్నండి.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. చెప్పండి తమ్ముడూ.

("మేడం, మేం జీవామృతం పోస్తున్నాం. యూరియా పూర్తిగా మానేయొచ్చా?")

వస్తుందనుకున్నాను ఈ ప్రశ్న. లెక్కే వేద్దాం. 200 లీటర్ల డ్రమ్ములో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి. పచ్చి పేడలో నీళ్లే ఎక్కువ, దాంట్లో నత్రజని 40 గ్రాములు అనుకో. మూత్రంలో 100. పిండిలో 70. మొత్తం 200 గ్రాముల చిల్లర. ఎకరానికి ఒక డ్రమ్ము. పావుకిలో కూడా లేదు, నీ మిరపకి కావలసింది 120 కిలోలు. ఆ పద్ధతి చెప్పేవాళ్లు కూడా దీన్ని ఎరువు అనరు, సూక్ష్మజీవుల కోసం వేసే తోడు అంటారు. ఒప్పుకుంటాను. కానీ తోడు వేయాలంటే గిన్నెలో పాలుండాలి కదా. నేలలో సేంద్రియ పదార్థం ఉంటే, నవధాన్యాలో జనుమో ముందు వేసి దున్ని ఉంటే, పైన మల్చింగ్, అంటే ఆకూ గడ్డీ కప్పు, ఉంటే, అప్పుడు ఆ తోడుకి పని ఉంటుంది. నువ్వు మానేయొద్దని అనను, ఏళ్ల తరబడి చేసి నిలబడినవాళ్లు ఉన్నారు. ఒక్క ఏడాదిలో ఆరు బస్తాల నుంచి సున్నాకి దిగకు. ఎకరంలో ముందు పావు ఎకరం చేసి చూడు, కాటా వేసి చూసుకో.

("నానో యూరియా సీసా ఒకటి బస్తాతో సమానమన్నారమ్మా...")

2021లో వచ్చిన సీసాలో 500 మిల్లీలీటర్లు, నత్రజని నూటికి 4. అంటే 20 గ్రాములు. బస్తాలో 20 కిలోల పైన. తర్వాత గాఢత పెంచినవి వచ్చాయి, అయినా గ్రాముల్లోనే ఉంది లెక్క. ఆకు మీద కొట్టింది కొంచెం బాగా అందుతుంది, ఒప్పుకుంటాను. కానీ వెయ్యి రెట్లు బాగా అందదు బాబాయ్. పైరు ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒక పిచికారీగా వాడితే వాడండి, దాన్ని చూసుకుని పైపాటు యూరియా మానేయకండి.

ఆఖరి ప్రశ్న. అక్కడ గళ్ల చొక్కా ఆయన.

("ట్రక్కుకి రెండున్నర టన్నులన్నారు. మావాడు తోలే ట్రక్కులో ఎంతుంటుందో ఎవరికి తెలుసు? పైకి కనపడేలా నింపుతాడు, లోపల గుల్ల.")

చాలా మంచి ప్రశ్న, నేనే చెప్పాల్సింది. పత్తి కాటాకి తీసుకెళ్తారు, మిర్చి యార్డులో టిక్కీ టిక్కీ, అంటే బస్తా బస్తా, కాటా వేయిస్తారు. పెంట ట్రక్కుని ఎవరైనా ఎప్పుడైనా వేబ్రిడ్జి ఎక్కించారా? ఈసారి ఒక్క ట్రక్కు ఎక్కించండి. నిండుగా ఒకసారి, దింపాక ఖాళీగా ఒకసారి. కాటా కుర్రాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి. ఆ చీటీ మీద ట్రక్కులు ఎన్నో, ఏ చేలో వేశారో, తేదీ ఏమిటో రాసి, యూరియా బిల్లులు పెట్టే సంచిలోనే పెట్టండి. జులైలో దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ సంచి తీసుకెళ్లండి.

మజ్జిగ వచ్చినట్టుంది. వెనకవాళ్లకి ముందు ఇవ్వండి, వాళ్లకి ఫ్యాను లేదు.